వీపు మీది తేదీ

నేను ఇంజిన్ బ్లాకుని. అమెరికాలో 1970 మార్చిలో నన్ను పోత పోశారు. తొలి కొలువు ఒక షెవ్రొలే ఇంపాలా కారులో. 350 ఘనపు అంగుళాల ఇంజిన్‌గా పిల్లల్ని బడికి, పెద్దల్ని చర్చికి మోశాను. అది తుక్కయ్యాక ఓ షెడ్డు మూల పడున్నాను.

అక్కణ్ణుంచి తెచ్చి నన్ను 1969 షెవ్రొలే కమారో జెడ్/28 కారులోకి దించారు. దాని సొంత ఇంజిన్ డ్రాగ్ రేసుల్లో ఏనాడో పగిలిందట. ఈ మోడల్ పోటీపడిన ట్రాన్స్-యామ్ కారు పందేల్లో ఇంజిన్ 305 ఘనపు అంగుళాలు మించకూడదన్న నియమం అప్పట్లో ఉండేది. అందుకని షెవ్రొలే వాళ్లు నాలుగంగుళాల సిలిండర్లున్న బ్లాకులో మూడంగుళాల స్ట్రోకు క్రాంక్‌షాఫ్టు పెట్టి 302 చేశారు. నా సిలిండర్లూ నాలుగంగుళాలవే. క్రాంకు మారిస్తే నేనూ 302నే. మార్చారు, బాగానే తిరిగాను. ఇందులో మోసమేమీ లేదు.

మోసం ఆ తర్వాత, కారును కొత్తదానిలా ముస్తాబు చేసేటప్పుడు జరిగింది. కుడివైపు సిలిండర్ హెడ్‌కి ముందు నాకో చిన్న చదునైన జాగా ఉంది. ఫ్యాక్టరీ ముద్ర కొట్టేది అక్కడే. నా పాత ముద్రను మెషీన్ మీద చెక్కేసి, ఫ్లింట్‌లో ఏప్రిల్ 9న బిగించినట్టు, చివర 302 గుర్తయిన ‘డీజెడ్’తో కొత్తది కొట్టారు. పక్కనే ఈ కారు నంబరు. అంటే 1969 ఏప్రిల్! ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

మొన్న కొనేవాడు ఒక పరిశీలకుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ముసలాయన, మితభాషి. డ్యాష్‌బోర్డు నంబరును ఆట్టే సేపు చూడలేదు. 124379ఎన్ అంటే నార్‌వుడ్‌లో తయారైన వి8 కమారో అని తెలుస్తుందే తప్ప జెడ్/28 అని తేలదు. ఫైర్‌వాల్ మీది రేకులో జెడ్/28 గుర్తయిన ‘ఎక్స్77’ కనిపించాక తలాడించాడు. హీటర్ పెట్టె విప్పించి, దాని వెనక దాగున్న నంబరూ సరిచూశాడు. కారు నిఖార్సైనదే.

ఇక నా వంతు. ముద్ర చోటు తుడిచి టార్చి ఏటవాలుగా పట్టాడు. ఫ్యాక్టరీ పనితనమైతే సన్నటి గీతలు ముందు నుంచి వెనక్కి తిన్నగా సాగాలి. నా మీద విల్లుల్లా వంగి ఉన్నాయి. పోత నంబరు 3970010. అది 1969లో కొన్ని 302లకూ ఉంది, ఆ తర్వాత ఎన్నో 350లకూ ఉంది. అమ్మేవాడు ఊపిరి పీల్చుకున్నాడు.

ముసలాయన చేతి అద్దాన్ని నా వెనక్కి, గేర్‌బాక్స్ బిగించే అంచు దగ్గరికి పోనిచ్చాడు. ‘సి 18 0’. సి అంటే మార్చి, 18వ తేదీ, సున్నా అంటే 1970. ముందు తుడవడమే తప్ప నా వీపు ఎవరూ చూడలేదు మరి.

“కారు పుట్టిన పదకొండు నెలలకి పుట్టిందండీ ఈ ఇంజిన్” అన్నాడాయన.

“నడవడం బాగా నడుస్తుంది కదా!” అన్నాడు అమ్మేవాడు. నిజమే. నా గురించి ఆ మాటొక్కటీ ఎవరూ కాదనలేదు.

బేరం మధ్యాహ్నం దాకా సాగింది. ధర బాగా దిగింది. కొన్నవాడు బిల్లులో ‘1970 బ్లాకు, ముద్ర తర్వాత కొట్టింది’ అని రాయించుకున్నాకే డబ్బు ఇచ్చాడు.