వర్కౌట్ అవ్వలేదంటే ఏటర్థం?

ఎలమంచిలి స్టేషన్ రోడ్డులో పొద్దున్నే టీ తాగడానికి కూర్చుంటే అరగంటలో నాలుగు వర్కౌట్లు చెవిన పడతాయి. మా మనవడు అయిదింటికే బండి తీసి వర్కౌట్‌కి పోతాడు. పక్క బల్ల మీది రైతు ‘ఈ ఏడు చెరకు వర్కౌట్ అవ్వదు మాస్టారూ’ అంటాడు. హైవే పక్కన ప్లాట్లు అమ్మే కుర్రాడు ఫోనులో ‘ఆ రేటుకి వర్కౌట్ అవ్వదన్నా’ అని అరుస్తుంటాడు. నాలుగోది, ఒకప్పుడు నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడిది: ‘ఆ సంబంధం వర్కౌట్ అవ్వలేదండి.’

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని కాబట్టి ఆ మాట మీద నాకు కాస్త హక్కుంది. మా రోజుల్లో ఏబీసీడీలే ఆరో తరగతిలో మొదలు. పై తరగతుల్లో మా మాస్టారు బోర్డు మీద లెక్క వేసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, ‘వర్కౌట్ చెయ్యండ్రా’ అనేవారు. ఒట్టి జవాబు రాస్తే చెల్లదు. ఎలా వచ్చిందో మెట్టు మెట్టూ కనపడాలి. మెట్టు మింగినవాడికి తొడపాశం.

ఇంగ్లీషులో దాని పుట్టుకా అలాంటిదే. అవుట్ అంటే బయటికి అనే కాదు, చివరంటా అని కూడా. పనిని చివరంటా లాగి ఫలితం రాబట్టడమన్నమాట. 16వ శతాబ్దం నుంచీ ఉంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో, రక్షణ గురించి చెప్పేచోట ఇదే వాడారు. లెక్క తేల్చడం తరవాత వచ్చింది. కసరత్తు అన్న అర్థం మరీ నిన్నమొన్నటిది. మా మనవడిది దాంట్లో పసిగుడ్డు. పోనీ, వాడికి చెమటైనా పడుతుంది.

క్రియకి తోక తగిలించి అర్థం మార్చే విద్య తెల్లవాడికొక్కడికే తెలుసా? మనకి ఎగ్గొట్టడం లేదూ? అందులో కొట్టేది ఎవర్ని? బెడిసికొట్టడం, సర్దుకుపోవడం... ఎక్కడికి పోతాం సర్దుకుని?

ఇంగ్లీషు వచ్చిందని కాదు నా ఏడుపు. ఒక్క మాటని తెచ్చుకుని అరడజను మాటల్ని ఇంటికి పంపేశాం. ధర చాలకపోతే గిట్టుబాటు కాలేదనేవాళ్లం. ఇద్దరికీ పడకపోతే పొసగలేదు. ఎత్తు తప్పితే పారలేదు. రాత బాగోకపోతే అచ్చిరాలేదు. ఏ మాటన్నా తప్పు ధరదో, మనుషులదో, ఎత్తుదో, నుదుటిదో వినేవాడికి తెలిసిపోయేది. వర్కౌట్ అవ్వలేదంటే తప్పు ఎవరిదీ కాదు. అందుకే అందరికీ అంత ముద్దు.

మా నాన్న బెల్లం వండేవాడు. అనకాపల్లి మార్కెట్టుకి దిమ్మలు తోలించి వచ్చాక బెల్లం పాక గోడ మీద బొగ్గుముక్కతో రాసేవాడు: నరుకుడు కూలి, గానుగ కూలి, బండి కిరాయి, పాకం దించే మనిషికి ఇచ్చింది, దళారీకి పోయింది. కింద గీత. ఆయనకి ఇంగ్లీషు ముక్క రాదు. గీత కిందది చూసి ‘గిట్టలేదురా’ అని బొగ్గు పిప్పిలోకి విసిరేసేవాడు. ఏ కూలి ఎక్కువైందో, ఏ బండి ఎక్కువ తిన్నదో మరుసటి ఏడాదిదాకా ఆ గోడ మీదే ఉండేది. మొన్న టీకొట్లో ఆ రైతుని అడిగాను, ఎకరానికి ఎంతయిందీ అని. ‘ఏమో మాస్టారూ, మొత్తానికి వర్కౌట్ అవ్వదు’ అన్నాడు. తొడ దగ్గరికి చెయ్యి పోబోయింది, ఆపుకున్నాను.

పెళ్లి కుర్రాణ్ని మాత్రం వదల్లేదు. ‘మెట్లు చూపించరా. జాతకమా? కట్నమా? పిల్ల వద్దందా?’

వాడు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. విశాఖ వైపు గూడ్సు ఒకటి మొత్తం వెళ్లిపోయింది.

‘ఆళ్లకి మా నాన్న అప్పులు తెలిసిపోనాయండి’ అన్నాడు.

టీ డబ్బులు నేనే ఇచ్చాను.