స్కోపు మీమాంస

ఏ శాస్త్రానికైనా నాలుగు కాళ్లుండాలని పెద్దలు నియమం పెట్టారు: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. ఈ శాస్త్రానికి విషయం, వేటకు వాడే క్రాస్‌బో మీద పాడైన స్కోపును ఊడదీసి దాని చోట మరొకటి బిగించడం. ప్రయోజనం, బాణం అనుకున్నచోట దిగడం. సంబంధం, కంటికీ గాజుకీ నడుమ ఉండవలసిన మూడు నాలుగు అంగుళాల ఖాళీ. చిక్కంతా నాలుగోదానితోనే. వేటాడేవాడే అధికారి అని తొందరపడి అనేవాళ్లున్నారు. వేటాడేవాడికి తీరిక ఉండదు. పంది పడితే విల్లు మంచిదంటాడు, తప్పితే గాలిని తిడతాడు, అక్కడితో అతని తర్కం ముగుస్తుంది. శాస్త్రం పుట్టాలంటే వేట వంశంలో పుట్టి, వేట కథలు వింటూ పెరిగి, వేటకుక్కను మేపుతూ, వేటాడే అవకాశం బొత్తిగా లేనివాడు కావాలి. అటువంటివాళ్లు ఇంతమంది ఒక్కచోట దొరికే ఊరు నాకు తెలిసి రాజపాళయమే.

తమిళనాట విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల కింద ఉంది ఈ ఊరు. విజయనగర కాలంలో తెలుగు నేల నుంచి దక్షిణానికి దిగిన రాజుల కులంవాళ్లు ఇక్కడ నిలదొక్కుకున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. 1936లో నూలుమిల్లు పెట్టుకున్న ఊరు, 1949లో మద్రాసు రాష్ట్రానికి పి.ఎస్. కుమారస్వామి రాజాను ముఖ్యమంత్రిగా పంపిన ఊరు. అయినా లోకం దీని పేరు ఎక్కువగా తలిచేది ఒక తెల్లకుక్క పుణ్యాన. పొట్టి వెంట్రుకలు, గులాబి ముక్కు, పొడుగు కాళ్లు. అడవిపందిని నిలవేయడానికి పెంచిన జాతి. 2005లో తపాలాశాఖ దాని బొమ్మతో స్టాంపు వేసింది. వేటకుక్క స్టాంపు ఎక్కిందంటే ఉద్యోగ విరమణ అయిందనే అర్థం. మా పెదనాన్నగారి తిన్నె మీద పడుకునే కుక్క ఇంతవరకు పందిని చూసింది లేదు, దాని తల్లి చూసిందీ లేదు. ఆ తిన్నె మీద కూడే మా సభలో వేట పాండిత్యానికి మాత్రం లోటు రాలేదు.

వేట ఆగిపోవడానికి కారణం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. దాని రెండో సెక్షన్‌లో ఆయుధమంటే ఏమిటో జాబితా ఇచ్చారు. మందుగుండు తర్వాత రెండో పేరే విల్లంబులు. తుపాకులు ఆ తర్వాతెక్కడో ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరక్రమం వల్ల అలా కుదిరిందని ప్లీడర్లు అంటారు గాని, ధనుర్వేదం మీద ప్రభుత్వానికున్న గౌరవమని మా సభ అభిప్రాయం. అదే సెక్షన్ ప్రకారం వేటాడబోవడం కూడా వేటే. పైగా 1988లో ఇక్కడి కొండల్ని బూడిదరంగు బెట్టుడతకు అభయారణ్యంగా రాసిచ్చారు. 2021లో అది శ్రీవిల్లిపుత్తూరు-మేఘమలై పులుల అభయారణ్యంగా మారింది, దేశంలో 51వది. ముందు ఉడత కోసం, తర్వాత పులి కోసం, మొత్తానికి రాజులు అడవి బయటే నిలబడ్డారు. అయితే చట్టం జాబితాలో స్కోపు పేరు లేదు. ఒట్టి గాజుతో ఉడతను కూడా గాయపరచలేం గనక దాన్ని గురించి మాట్లాడుకోవడానికి అడ్డేమీ లేదు. శాస్త్రానికి ఆ సందు చాలు.

ఇక ఉదాహరణ. టెక్సాస్‌లో స్థిరపడ్డ మా కుర్రాడొకడికి క్రాస్‌బో ఉంది. తుపాకి మడమకు అడ్డంగా విల్లు బిగించిన ఆయుధం అది. తాడును వెనక్కి లాగి కొక్కేనికి తగిలిస్తే మీట నొక్కేదాకా ఓపిగ్గా కాచుకుని ఉంటుంది. ఓపికే దాని బలం. మామూలు విల్లు పట్టడానికి ఏళ్ల సాధన కావాలి, దీనికి వేలు చాలు. అందుకే 1139లో రోమ్‌లో కూడిన క్రైస్తవ మహాసభ క్రైస్తవుల మీద దీన్ని వాడరాదని తీర్మానించింది. 1199లో ఇంగ్లండు రాజు రిచర్డు దీని బాణం దెబ్బకే పోయాడు గనక తీర్మానం ఏ పాటి పనిచేసిందో ఊహించుకోవచ్చు. టెక్సాస్‌లో ఈ చర్చలేవీ లేవు. అక్కడ అడవిపందులు పంటల్ని దున్నేస్తుంటే, 2019 నుంచి భూయజమాని ఒప్పుకుంటే చాలు, లైసెన్సు కూడా లేకుండా వాటిని వేటాడవచ్చన్నారు. అలా విల్లూ పందీ అక్కడ, విజ్ఞత ఇక్కడ. విల్లుతోపాటు ఉచితంగా వచ్చిన స్కోపు లోపల ఆవిరి పట్టిందని వాడు ఓ ఆదివారం వీడియో కాల్‌లో పెదనాన్నకు చెప్పాడు. "కొత్తది కొనాలి పెదనాన్నా, ఏది కొనమంటారు?" అన్నాడు. అడగవలసిన ప్రశ్న కాదది. సభ ఆ పూటే కూడింది.

పూర్వపక్షం ఒకటి: అసలు స్కోపెందుకు? దశరథుడు చెవితో గురిచూశాడు కదా!

సమాధానం: చూశాడు. నీళ్లు తాగే ఏనుగు అనుకుని కుండ ముంచుతున్న ముని కుమారుణ్ణి కొట్టాడు. తర్వాత ఆ రాజ్యానికి ఏమైందో రామాయణం పొడుగునా రాసి ఉంది. ఒక మామూలు స్కోపు, తగినంత వెన్నెల ఉంటే ఆ కథంతా తప్పేది.

ఇక్కడ చరిత్ర కాస్త తడమాలి. మత్స్యయంత్రం కొట్టేటప్పుడు అర్జునుడు పైనున్న చేపను చూడలేదు, కింద నీళ్లలో నీడను చూశాడని లోకం చెప్పుకుంటుంది. ప్రతిబింబంతో గురిపెట్టే పరికరాలకు అదే మొదలని మా సభలో ఒక పక్షం. దీన్ని మించిన ప్రమాణం కాళహస్తిలో ఉంది. తిన్నడు ఒక కన్ను పెరికి శివుడికి పెట్టాక, రెండోదీ ఇవ్వవలసి వచ్చింది. అది కూడా పెరికితే చోటు కనబడదు గనక ముందే చెప్పు కాలి బొటనవేలితో గుర్తు పెట్టుకున్నాడు. చూపు పోయే అవకాశాన్ని ముందే లెక్కలో వేసుకుని గురిగుర్తు ఏర్పాటు చేసిన వేటగాడు ఇంకొకడు లేడు. ఇవాళ స్కోపు గాజులో కనిపించే అడ్డగీతకు తిన్నడి బొటనవేలే మూలమని పెదనాన్న సిద్ధాంతం. ఆయనను ఎవరూ ఖండించలేదు. కాఫీ ఆయన ఇంటిది.

పూర్వపక్షం రెండు: తుపాకి స్కోపు పెడితే సరిపోదా? ఇంట్లో పాతదొకటి ఉన్నవాళ్లందరూ ఈ పక్షమే.

దీనికి సమాధానం చెప్పేటప్పుడు లెక్కలు తప్పవు. మంచి క్రాస్‌బో బాణం సెకనుకు 350 అడుగుల వేగంతో పోతుంది, అంటే సుమారు 107 మీటర్లు. 20 గజాలు చేరడానికి 0.17 సెకను. అంతలో భూమి దాన్ని 14 సెంటీమీటర్లు కిందికి లాగుతుంది. 40 గజాలైతే కాలం రెట్టింపు, జారుడు నాలుగింతలు: దాదాపు 58 సెంటీమీటర్లు, గాలి అడ్డు లెక్కలో వేయకుండానే. సెకనుకు 800 మీటర్లు పోయే తూటా అదే 40 గజాల్లో జారేది ఒక్క సెంటీమీటరు. తూటాకు ఒక్క గీత చాలు, బాణానికి నిచ్చెన కావాలి. అందుకే క్రాస్‌బో స్కోపులో ఒకదాని కింద ఒకటిగా గీతలుంటాయి: 20, 30, 40, 50 గజాలకు. గజాలు అర్థంకాని మా తోటల వాళ్లకు కొబ్బరిచెట్ల లెక్క చెప్పాను. చెట్టుకూ చెట్టుకూ పాతిక అడుగులు. 20 గజాల గీత అంటే రెండు ఎడాలు దాటి ఇంకొంచెం, 40 గజాల గీత అంటే దాదాపు అయిదు ఎడాలు. చెట్టు మధ్యలో చచ్చిపోయి ఉంటే దాన్నీ లెక్కపెట్టాలా అని ఒక బావ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మొద్దు కనబడితే లెక్కపెట్టాలి.

ఇంకో దోషం పారలాక్స్. కన్ను స్కోపు వెనక కొంచెం పక్కకు జరిగితే గీత కూడా లక్ష్యం మీద పక్కకు జరిగినట్టు కనబడడం. తుపాకి స్కోపులో ఈ దోషాన్ని సాధారణంగా 100 గజాల దగ్గర సరిచేసి ఉంచుతారు. క్రాస్‌బోది అందులో సగానికో ఇంకా దగ్గరికో. 20 గజాల్లో నిలబడ్డ పందిని తుపాకి స్కోపులోంచి చూస్తే తల కదిలినప్పుడల్లా గీత దాని వీపు మీద షికారు చేస్తుంది. పైగా తుపాకి తన్నేది వెనక్కి. క్రాస్‌బోలో తాడు ముందుకు దూసుకుపోయి ఆగిన క్షణంలో విల్లంతా ముందుకు అదురుతుంది. వెనక్కి తన్నులు తినడానికే తయారైన స్కోపు ముందుకు తగిలే దెబ్బకు లోపలి గాజు వదులు చేసుకుంటుంది. పాత స్కోపు ఇంట్లో ఉన్నవాళ్లు దీనికి నొచ్చుకున్నారు.

పూర్వపక్షం మూడు, సభలో అందరికంటే గట్టిగా వినిపించింది: స్కోపు అంటే పెద్దదిగా చూపించాలి. నాలుగింతలు చూపించేదానికి డబ్బెందుకు? పన్నెండింతలది కొనమనండి.

ఈ పక్షాన్ని కొట్టేయడానికి భాగహారం ఒక్కటి చాలు. స్కోపు ముందు గాజు వ్యాసాన్ని ఎన్నింతలన్నదానితో భాగిస్తే వెనక వైపు కంటిలోకి వచ్చే వెలుగు వలయం వ్యాసం వస్తుంది. ముందు గాజు 32 మిల్లీమీటర్లు, పెంపు నాలుగింతలు అయితే వలయం 8 మిల్లీమీటర్లు. అదే గాజుతో పన్నెండింతలంటే రెండున్నర చిల్లర. చీకటి పడేవేళ, పందులు తిరిగే వేళ, కుర్రవాడి కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. దానికి రెండున్నర పోస్తే మసక తప్ప మరేం కనపడదు. అదీగాక పన్నెండింతలదాంట్లో పంది వెంట్రుకలు కనిపిస్తాయి గాని, ఆ వెంట్రుకలు పందికి ఎక్కడివో తెలియదు. చూపు వెడల్పు అంతగా కుంచించుకుపోతుంది. పెదనాన్నకు మాత్రం ఇది నచ్చలేదు. "నా కన్నుకు?" అన్నారు. పెద్దవయసులో కంటిపాప అయిదు మిల్లీమీటర్లు దాటి విచ్చుకోవడం అరుదని, ఎనిమిది పోసినా మూడు బయటే ఒలికిపోతుందని చెప్పాను. అయితే తనకు ఆరింతలది చాలునన్నారు. 32ను ఆరుతో భాగించి చూశాను, అయిదు చిల్లర, చక్కగా సరిపోయింది. వేట మానేసిన మనిషికి అమరినంత చక్కగా వేటాడేవాడికి స్కోపు అమరకపోవడం ఈ శాస్త్రంలో విశేషం.

సిద్ధాంతం: నాలుగింతలు, 32 మిల్లీమీటర్ల గాజు, గీతల నిచ్చెన, లోపల నత్రజని నింపి రబ్బరు వలయాలతో మూసిన గొట్టం. నత్రజని ఎందుకంటే దానిలో తడి ఉండదు, చలిలో గాజు లోపల ఆవిరి పట్టదు. పాతదానికి ఉన్న రోగానికి మందు అదే.

ఇక్కడితో తేలిపోయేది. కానీ బిగింపు మిగిలింది. గొట్టం వ్యాసం 25.4 మిల్లీమీటర్లదీ ఉంటుంది, 30దీ ఉంటుంది. విల్లు మీది పట్టా ఇరుకైన 11 మిల్లీమీటర్లదీ ఉంటుంది, వెడల్పైన 21దీ ఉంటుంది. ఒకదాని రింగులు ఇంకొకదానికి పట్టవు. గోత్రాలు కలవకూడదు, కొలతలు కలవాలి. పెళ్లిచూపుల్లో ముందు అడగవలసిన మాటను తాంబూలాల వేళ అడిగినట్టు, మా కుర్రాడు ధర, పేరు, రంగు అన్నీ చూసి ఇదొక్కటి చూడలేదు. నా మాట అడిగితే, ముందు పట్టా కొలిచి ఆ తర్వాతే గాజు జోలికి వెళ్లాలి. శాస్త్రకారులెవరూ దీన్ని మొదటి సూత్రంగా చెప్పకపోవడం, చెబితే చర్చించడానికి ఏమీ మిగలదన్న భయం వల్లే.

బిగించాక గురి దిద్దుకోవడమనే క్రతువుంది. 20 గజాల దగ్గర పై గీతతో మొదలు. స్కోపు పై మర ఒక్క టిక్కు తిప్పితే సాధారణంగా 100 గజాల దగ్గర గురి పావు అంగుళం జరుగుతుంది. 20 గజాల దగ్గర అందులో అయిదో వంతు. బాణం మూడు అంగుళాలు కిందికి పోతుంటే అరవై టిక్కులు. ఈ మాట వినగానే చాలామంది మర చెడిపోయిందనుకుంటారు, ఎందుకంటే నాలుగు టిక్కులు తిప్పి చూస్తే తేడా కనబడదు. జపమాల చేతపట్టుకుని చేయమని వాడికి సలహా ఇచ్చాను. నూటెనిమిది పూసలకు గురి సుమారు అయిదున్నర అంగుళాలు నడుస్తుంది. తర్వాత 40 గజాలకు పోయి ఆ దూరం గీత చూడాలి. బాణం గీతకు కింద పడితే, పెట్టె మీద అచ్చువేసిన వేగం వ్యాపారి ఆశీర్వచనమని గ్రహించి, స్కోపు మీద వేగం అంకెలున్న వలయం ఉంటే దాన్ని తక్కువ అంకె వైపు తిప్పుకోవాలి. బాణం లేకుండా తాడు వదిలి చూడకూడదు. విల్లు విరిగితే ఈ శాస్త్రానికి ఆధారమే పోతుంది.

ఈలోగా అడవిపందికి సంబంధించి మన దగ్గరా ఒక గీతల నిచ్చెన వచ్చింది. 2025లో తమిళనాడు ప్రభుత్వం పందుల బెడదకు అడవి అంచు నుంచి దూరాలు కట్టింది. ఒక కిలోమీటరు లోపల పందిని ముట్టుకోకూడదు. ఒకటికీ మూడుకీ మధ్య దొరికితే పట్టుకుని అడవిలో వదలాలి. మూడు దాటితే అటవీశాఖవాళ్లు కాల్చవచ్చు, రైతు కాదు. మూడు గీతలున్న స్కోపును రాష్ట్రం అంతటి మీద పరిచారన్నమాట. అయితే స్కోపులో దూరం మారితే గురి మారుతుంది, ఇక్కడ దూరం మారితే పంది గతి మారుతుంది. పంది తోటలో అరటి పీకుతూ ఏ గీత మీదుందో దానికెవరు చెప్పాలన్నది సభలో ఓ పూటంతా నడిచింది.

మా కుర్రాడు చివరికి ఏం చేశాడంటే, సభ తీర్మానం అందేలోపే దుకాణంవాడు చూపించినది కొనేసి, బిగించేసి, పందిని కొట్టి ఫొటో పంపాడు. స్కోపు ఎన్నింతలదో ఫొటోలో కనబడలేదు. సభ దాన్ని ప్రమాణంగా స్వీకరించలేదు. ఒక్క పంది పడినంత మాత్రాన స్కోపు మంచిదని తేలదు, పంది చెడ్డదై ఉండవచ్చు.

ప్రస్తుతం చర్చ వేరే దిక్కుకు మళ్లింది. పెదనాన్న తోటలో ఈమధ్య వేరుశనగ మళ్లను ఎవరో తవ్విపోతున్నారు. తోట అడవి అంచు నుంచి మూడు కిలోమీటర్లకు ఇవతలా అవతలా అన్నది తేలితేగాని అటవీశాఖకు ఏమని అర్జీ పెట్టాలో తెలియదు. ఫోన్‌లో మ్యాపు చూస్తే సరిపోతుందని ఒక కుర్రాడన్నాడు గాని అతని మాట ఎవరూ పట్టించుకోలేదు. లేజరుతో దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ కావాలని పెదనాన్న పట్టు. వెయ్యి గజాలకు పనిచేసేది కొని నాలుగు సార్లు కొలవాలా, లేక ఒకేసారి అంతదూరం అందుకునేదే వెతకాలా అన్న దాని మీద వచ్చే ఆదివారం రెండు పక్షాలు సిద్ధమవుతున్నాయి.