నేల టికెట్టు ఇప్పించ ప్రార్థన

గౌరవనీయులైన హోంశాఖ ముఖ్య కార్యదర్శి గారికి,
వెలగపూడి సచివాలయం.

విషయం: లైవ్ కాన్సర్టుల టికెట్ల ధరలు – సామాన్యుడు గేటు దాకా కూడా రాలేకపోవడం – గురించి.

సూచిక: 1) తమ శాఖ జీవో ఎంఎస్ నం. 35, తేదీ 8-4-2021. 2) తమ శాఖ జీవో ఎంఎస్ నం. 13, తేదీ 7-3-2022. 3) మా ఆవిడ మౌఖిక ఉత్తర్వులు.

అయ్యా,

పాటల కచేరీకీ పోలీసుల శాఖకీ ఏమిటి సంబంధమని తమరు విసుక్కోవచ్చు. సినిమా టికెట్టుకు మాత్రం ఏముంది? అయినా 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం పుణ్యమా అని, హాల్లో కుర్చీ రేటు ఎంతో చెప్పేది తమ శాఖే. రాష్ట్రం రెండైనా ఆ చట్టం రెండు ఇళ్లకూ వచ్చింది కాబట్టి ఒక నకలు తెలంగాణ హోంశాఖ వారికీ పంపుతున్నాను. కాన్సర్టులు ఎక్కువగా జరిగేది అక్కడ, రేట్ల జీవోల్లో చెయ్యి తిరిగింది ఇక్కడ. ఇద్దరూ కలిసి కూర్చుంటే పని అవుతుందని ఆశ.

తమ 35వ నంబరు జీవోను అప్పట్లో పంచాంగం చదివినంత శ్రద్ధగా చదివాను. గ్రామ పంచాయతీ పరిధిలో ఏసీ లేని హాలుకు ఎకానమీ 5 రూపాయలు, డీలక్స్ 10, ప్రీమియం 15. పల్లెటూరి హాల్లో బెంచీ ఎక్కడ అయిపోయి కుర్చీ ఎక్కడ మొదలవుతుందో సచివాలయంలో కూర్చుని తేల్చిన ఆ చూపుకు అప్పుడే దండం పెట్టుకున్నాను. తర్వాత జరిగింది వేరే సంగతి అనుకోండి. ఆ డిసెంబరులో కొన్ని హాళ్లకు తాళాలు పడ్డాయి. థియేటరు కన్నా పక్కనున్న కిరాణా కొట్టుకే కలెక్షన్ ఎక్కువని హీరో నాని అన్నాడు. వ్యవహారం హైకోర్టు మెట్లెక్కింది. చివరికి 13వ నంబరు జీవో వచ్చి కనిష్ఠం 20, గరిష్ఠం 250 అంది. అందులో ఒక ముచ్చట నాకు ఇప్పటికీ భలే నచ్చుతుంది. భారీ సినిమాకు మొదటి పది రోజులు రేటు పెంచుకోవచ్చు, అయితే బడ్జెట్టు 100 కోట్లు దాటాలి. ఆ 100 కోట్లలో హీరో, హీరోయిన్, దర్శకుడి పారితోషికాలు కలపకూడదు. హీరో జీతం పక్కకు తీసిపెట్టి కూడికలు వేసే ఓపిక ఉన్న శాఖ దేశంలో ఇంకెక్కడ దొరుకుతుంది?

అంత ఓపిక ఉన్నవారు కాన్సర్టు టికెట్టు వైపు ఒక్కసారి కూడా కన్నెత్తి చూడకపోవడమే నా బాధ.

మా ఆవిడకు ఒక సంగీత దర్శకుడంటే ప్రాణం. పేరు రాయను, ఆయన తప్పేమీ లేదు. ఊళ్లో ఆయన కచేరీ అని హోర్డింగు పడింది. కింద మూలన టికెట్లు 999 నుంచి అని ఉంది. బుకింగ్ తెరిచే వేళకు ముందే ఫోను చార్జింగులో పెట్టి, ఒకటికి రెండుసార్లు లాగిన్ అయి కూర్చున్నాను. తెర మీద ఒక పచ్చగీత నత్తనడక నడుస్తుంటే, మా ముందు క్యూలో ఎంతమంది ఉన్నారో అంకె తగ్గుతూ వచ్చింది. మా వంతు వచ్చేసరికి 999 రంగు వెలిసిపోయి ఉంది. అయిపోయాయట. సిల్వర్, గోల్డ్, ప్లాటినం, డైమండ్ మాత్రం నిగనిగలాడుతున్నాయి. నగల కొట్టులోకి వచ్చామా అంది మా ఆవిడ. సరే, గోల్డ్ నొక్కాను. పక్కన గడియారం వెనక్కి తిరగడం మొదలైంది, ఈలోగా డబ్బు కట్టకపోతే సీటు పోతుందని. ఆ కంగారులో చివరి పేజీలోకి వెళ్తే మొత్తం పెరిగి ఉంది. కన్వీనియన్స్ ఫీజు, దాని మీద మళ్లీ జీఎస్టీ, అడుగున ఎవరో మనకు చెప్పకుండానే టిక్కు పెట్టిన విరాళం. ఆటో ఎక్కి టికెట్ల కౌంటరుకు వెళ్లిన రోజుల్లో ఈ ఫీజు లేదు. ఇప్పుడు నా కరెంటు, నా డేటా, నా వేలు వాడి నేనే టికెట్టు కోసుకుంటే సౌకర్యం ఎవరికి కలిగినట్టు? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే కాబోలు.

ఈ బాధ మనొక్కళ్లదే కాదు. 2023లో ద క్యూర్ అనే ఇంగ్లిషు బృందం అమెరికాలో కొన్ని టికెట్లు 20 డాలర్లకే పెడితే, కొన్నిచోట్ల ఫీజులన్నీ కలిపి టికెట్టు ధరనే మించాయి. పాడేవాడు రాబర్ట్ స్మిత్ బహిరంగంగా మండిపడ్డాడు. టికెట్లమ్మే టికెట్‌మాస్టర్ కంపెనీ వాళ్లు దిగివచ్చి టికెట్టుకు 5, 10 డాలర్ల చొప్పున వెనక్కిచ్చారు. మన పాటగాళ్లలో అలా మండిపడే మొనగాడి కోసం ఎదురుచూస్తున్నాం.

జీఎస్టీ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సందేహం. కచేరీ టికెట్టు 500 రూపాయలు దాటకపోతే పన్ను లేదని కేంద్రం ఎప్పుడో మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు పొందిన పెద్ద కాన్సర్టు టికెట్టును ఎక్కడైనా చూసినవారుంటే ఆచూకీ చెప్పించగలరు.

తమరికి నేల టికెట్టు గుర్తుండే ఉంటుంది. తెర కిందే కూర్చోవాలి, మెడ పట్టేస్తుంది, చుట్టూ ఈలలు. అందుకే అది అన్నిటికన్నా చవక. వెనక్కి పోయేకొద్దీ బెంచీ, కుర్చీ, బాల్కనీ, దానితోపాటే రేటూ. కాన్సర్టుల వాళ్లు ఈ లెక్కను తలకిందులు చేశారు. వేదిక ముందు, కుర్చీ లేకుండా, గంటల తరబడి నిలబడే చోటుకు ఫ్యాన్ పిట్ అని పేరు పెట్టి బాల్కనీ కన్నా ఎక్కువకు అమ్ముతున్నారు. 2025 జనవరిలో నవీ ముంబయి డీవై పాటిల్ స్టేడియంలో కోల్డ్‌ప్లే అనే ఇంగ్లిషు బృందం వాళ్లు పాడినప్పుడు 2,500 పెట్టినవాడికి ఎక్కడో ఎత్తున కుర్చీ ఉంది, మైదానంలోకి 6,450 పెట్టినవాడు నిలబడ్డాడు. లాంజ్ టికెట్టు 35,000. ఈ సంగతి మా అమ్మకు చెబితే, "అంత డబ్బు పోసి నిలబడ్డమేమిట్రా, కాళ్లు వాళ్లకు అద్దెకిచ్చారా?" అంది. నేల టికెట్టువాడి చోటు లాక్కుని, వాడికే వెనక ఎత్తున జాగా చూపించి, పాటగాణ్ని ఎల్‌ఈడీ తెర మీద చూడమనడం ఏం న్యాయం చెప్పండి? తెర మీద చూడ్డానికైతే తమ జీవో ప్రకారం 250 చాలు కదా.

నిర్వాహకుల గోడు రాయకపోతే పాపం. క్యాసెట్లు, సీడీలు కొనేవాళ్లు లేరు. ఫోన్లో ఒకసారి పాట వింటే పాడినవాడికి దక్కేది పైసలే. ఊరూరా తిరిగి పాడితేనే నాలుగు రాళ్లు. హైదరాబాదంత ఊళ్లో పాతికవేల మంది కూర్చుని పాట వినడానికని కట్టిన ప్రాంగణం లేదు. అందుకే గచ్చిబౌలి స్టేడియమో, రామోజీ ఫిల్మ్ సిటీయో, లేదంటే ఏ ఖాళీ మైదానమో పట్టుకోవాలి. వేదిక, తెరలు, జనరేటర్లు, బారికేడ్లు, మరుగుదొడ్లు అన్నీ లారీల్లో తెచ్చి నిలబెట్టి, ఒక్క రాత్రి గడవగానే ఊడదీయాలి. పిండి కొద్దీ రొట్టె. పైగా పోలీసు, ట్రాఫిక్, అగ్నిమాపక, మునిసిపాలిటీ, మైకు అనుమతి, పాటల హక్కుల లైసెన్సు. ఒక్కో కిటికీ దగ్గర ఎంత కాలయాపనో తమరికి నేను చెప్పాలా? ఊరికొక మంచి ప్రాంగణం కట్టి, ఒక్క దరఖాస్తుతో అనుమతులన్నీ ఇచ్చేస్తే, రేటు తగ్గదని చెప్పడానికి వాళ్లకు సగం సాకులు మిగలవు.

ప్రభుత్వాలు కాన్సర్టులను అసలు పట్టించుకోవని అంటే అబద్ధమవుతుంది. 2024 నవంబరులో పంజాబీ గాయకుడు దిల్జీత్ దొసాంజ్ హైదరాబాదులో పాడబోతుంటే, మందు పాటలు పాడవద్దని, పిల్లల్ని వేదిక ఎక్కించవద్దని అధికారులు నోటీసు పంపారు. ఆయన బుద్ధిగా మాటలు మార్చి పాడాడు. పాటలో ఏముందో చదివిన కళ్లు టికెట్టు మీద ఏముందో చదవలేదు. బెంగళూరు సంగతి ఇంకా చిత్రం. 2025 ఫిబ్రవరిలో ఇంగ్లిషు గాయకుడు ఎడ్ షీరన్ చర్చి స్ట్రీటు ఫుట్‌పాత్ మీద గిటారు పట్టుకుని పైసా తీసుకోకుండా పాడుతుంటే పోలీసు వచ్చి వైరు పీకేశాడు, అనుమతి లేదని. ఆయన పాట ఉచితంగా దొరికిన ఆ కాస్త సేపూ శాంతిభద్రతల సమస్య అయింది. అంతకు వారం ముందే హైదరాబాదులో అదే మనిషి పాట వేలు పోసి విన్నవాళ్లకు ఏ ఇబ్బందీ కలగలేదు, జేబుకు తప్ప.

ఇక బ్లాకు. హాలు దగ్గర బ్లాకులో టికెట్లమ్మేవాణ్ని తమ కానిస్టేబులు చొక్కా పట్టుకుని ఈడ్చుకెళ్లడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. ఈ కొత్త బ్లాకువాడికి చొక్కా లేదు, వెబ్‌సైటు ఉంది. 2024 సెప్టెంబరులో కోల్డ్‌ప్లే టికెట్లు పెట్టిన రోజున కోటి మందికి పైగా ఎగబడ్డారు. కాసేపటికే అవే టికెట్లు తిరిగి అమ్మే సైట్లలో లక్షల్లో కనిపించాయి. ఎవరో బొంబాయి హైకోర్టుకు వెళ్తే, చట్టం చెయ్యడం చట్టసభల పని, మా పని కాదని కోర్టువారు పిటిషన్ కొట్టేశారు. జపానులో 2019 నుంచే దీనికి చట్టం ఉంది. అసలు ధర మీద లాభం వేసుకుని టికెట్టు తిరిగి అమ్మడాన్ని నిషేధిస్తామని బ్రిటన్ ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది. మన దగ్గర బంతి తమ కోర్టులోనే ఉంది.

తమ కళ్లకు ఇదంతా ఎందుకు ఆనదో లోకం ఒక కారణం చెప్పుకుంటోంది. నేను నమ్మను గానీ రాయక తప్పదు. పాసులట. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటే; టికెట్టు కొనే అవసరం ఏనాడూ రానివారికి టికెట్టు ధర ఎలా తెలుస్తుందని అంటున్నారు. ఉచిత పాసులు ఎంత దూరం తీసుకెళ్తాయో 2025 ఐపీఎల్లో సన్‌రైజర్స్‌కూ హైదరాబాదు క్రికెట్ సంఘానికీ మధ్య రచ్చలో చూశాం. తమ ఇంట్లోవాళ్లెవరైనా సొంత కార్డుతో ఒక్క గోల్డ్ టికెట్టు కొని చూసి ఉంటే, ఈ లేఖలో సగం రాయనక్కర లేకపోయేది.

మళ్లీ 5 రూపాయల జీవో ఇవ్వమని అడగడం లేదు. ఇస్తే వేదిక మీద పెట్రోమాక్స్ లైటే దిక్కవుతుంది. డైమండ్ వాళ్లు డైమండ్ రేటే కట్టనీయండి, పాటగాడి పారితోషికాన్ని వంద కోట్ల లెక్కలోంచి తీసెయ్యనూ వద్దు. సినిమా హాలు లైసెన్సులో ఏ తరగతికి ఎన్ని సీట్లో రాయించుకుంటారు చూడండి, అదే షరతు కాన్సర్టుకు పెట్టండి. 999 టికెట్లు ఎన్నో హోర్డింగు మీదే అంకె వెయ్యమనండి. వంద టికెట్ల కోసం ఊరంతా పొద్దున్నే ఫోను పట్టుకుని కూర్చుందా, పదివేల టికెట్ల కోసమా అన్నది తెలిస్తే చాలు, మేం గోల్డ్ నొక్కాలా, టీవీ రిమోట్ నొక్కాలా అన్నది మేమే తేల్చుకుంటాం. ఫీజులన్నీ కలిపిన మొత్తం మొదటి పేజీలోనే ఉండాలి, చివరి పేజీలో గడియారం పక్కన కాదు. గేటు దగ్గర మంచినీళ్ల సీసా లాక్కున్నవాడు లోపల తాగేనీళ్లు ఊరికే ఇవ్వాలి. ఇంకొక్కటి: వేదిక ముందు ఒక మూల, తాడు కట్టి అయినా సరే, 500 దాటని నేల టికెట్టు. పన్ను మినహాయింపు కూడా వాడుకలోకి వస్తుంది. ఈలలు మేం వేసుకుంటాం, వాటికి అదనంగా ఏమీ అడగం.

కచేరీ బాగా జరిగిందా అని తమరు అడగలేదు గానీ చెబుతాను. బాగా జరిగింది. మొదటి పాట ఎత్తుకోగానే మా ఆవిడ రేట్ల సంగతే మర్చిపోయింది. నిర్వాహకుల ధైర్యమంతా అదే.

ఇట్లు,
తమ విధేయుడు,
గోల్డ్ వర్గపు ప్రేక్షకుడు, వెనక నుంచి మూడో వరస.

జతపరచినది: లోపల తినుబండారాలు నగదుకు అమ్మరని చేతికి తొడిగిన కార్డు పట్టీ, ఒకటి. ముందే వేయించిన డబ్బులో ఇంకా 120 రూపాయలు అందులో మిగిలి ఉన్నాయి. కచేరీ అయ్యాక తిరిగి ఇచ్చేది లేదన్నారు. తమ శాఖ ద్వారా వసూలు చేయించగలిగితే మనియార్డరు ఖర్చులు పోను మిగిలింది పంపించగలరు.