కోటప్పకొండ కన్నా పొట్టి దేశం

డెన్మార్కులో అన్నిటికన్నా ఎత్తయిన చోటు పేరు మొలెహోయ్. సముద్రమట్టానికి 171 మీటర్లు. శివరాత్రికి మనం ప్రభలు కట్టుకుని పోయే కోటప్పకొండ అంతకన్నా ఎత్తు. ఆ దేశస్థులెవరైనా చిలకలూరిపేట వైపు వస్తే మన కొండకి తలెత్తి దణ్ణం పెట్టాల్సిందే. ఇక కొండ దిగి పర్చూరు మీదుగా ఇంకొల్లు దాకా వస్తే అంతా రేగడి చదును. పత్తి, మిరప, శనగ, పొగాకు. సైకిలు తొక్కేవాళ్ళకి ఎదురుగాలే తప్ప ఎదురొచ్చే మిట్ట లేదు. దేవుడు ఇద్దరికీ ఒకే రకం నేల ఇచ్చాడు. వాళ్ళు దానిమీద సైకిలు తొక్కారు. మనం మిర్చి టిక్కీలేసుకుని లారీ తోలాం.

ఇది ఎక్కడో చదివి చెప్పే ముక్క కాదు. కోపెన్‌హాగెన్‌లో ఒక్కదాన్నే సైకిలు తొక్కొచ్చి చెబుతున్నా.

మా అమ్మాయి పురిటికని హాంబర్గు వెళ్ళాను. మా వయసు ఆడవాళ్ళు చాలామంది ఫారిన్ చూసేది ఈ లెక్కమీదే. పురుడు పొయ్యడం, పసిబిడ్డకి నూనె రాయడం, అల్లుడికి గోంగూర నూరడం, విమానమెక్కడం. వియ్యపురాలు దిగి డ్యూటీ అందుకోగానే నాకు కాస్త ఖాళీ దొరికింది. కోపెన్‌హాగెన్‌కి అక్కణ్ణుంచి తిన్నగా రైలుంది. పోయొస్తానన్నాను.

ముందు మా వదిన ఫోను. "ఒక్కదానివే యాడికే? అక్కడ మనోళ్ళెవరున్నారు?"

"ఎవరూ లేరొదినా."

"లేకపోతే మరెందుకు పోవడం?"

ఆవిడ లెక్కలో మనోళ్ళు లేనిది ఊరే కాదు. కాశీలో అయినా ఆంధ్రాశ్రమం ఉంది కదా! గుంటూరులో పుట్టిన నాయని కృష్ణకుమారి గారు కాశ్మీరు చూసొచ్చి పుస్తకం రాశారనీ, మన ప్రకాశం జిల్లా మాచవరపు ఆదినారాయణ గారు ఆడ యాత్రికుల మీద ఏకంగా ఒక పుస్తకమే వేశారనీ చెప్పాను. "వాళ్ళు రాసుకోడానికి పోయారు, నువ్వు రాస్తావా?" అంది. ఇదిగో రాస్తున్నా, వదినా.

అసలు తిరుగుడు మా ఊరి రక్తంలోనే ఉంది. పర్చూరు దగ్గరుండే మా ఊరు అంగుళం కదలకుండా గుంటూరు జిల్లాలో ఉండి, 1970లో ఒంగోలు జిల్లాకి పోయి, 1972లో పేరు మార్చుకుని ప్రకాశమై, 2022లో బాపట్ల జిల్లాలో దిగింది. ఊరుకి ఊరు ఇన్ని చోట్లు తిరిగితే తోడెవరని అడిగిన నాథుడు లేడు. నేను రైలెక్కుతానంటే మాత్రం బంధుబలగమంతా ఫోన్లో కూర్చుంది.

కోపెన్‌హాగెన్‌లో కార్లకి ఒక రోడ్డు, మనుషులకి ఒక బాట, మధ్యలో సైకిళ్ళకి సొంత బాట. అది కార్ల రోడ్డు కన్నా ఒక మెట్టు పైన, నడిచేవాళ్ళ బాట కన్నా ఒక మెట్టు కింద. ఆ మెట్టెంత, జానెడు లేదు. కానీ దాన్ని దాటి కారు మన మీదికి రాదు. చున్నీ నడుముకి బిగించి అద్దె సైకిలు ఎక్కాను. దానికి చేతి బ్రేకు లేదు, తొక్కుడు వెనక్కి తిప్పితే అదే బ్రేకు. మన సైకిళ్ళ మీద ఊసుపోక వెనక్కి తొక్కే అలవాటు కదా. తొక్కినప్పుడల్లా బండి ఠక్కున నిలబడిపోయేది. ఆగేముందు చెయ్యెత్తాలనేది అక్కడి పద్ధతి. మన దగ్గర చెయ్యెత్తితే బస్సు ఆగితే ఆగుతుంది, లేకపోతే లేదు. అక్కడ చెయ్యెత్తితే మనమే ఆగుతాం, కాబట్టి మోసం లేదు.

నోరెబ్రో అనే పేటలో పెద్దవీధిన పొద్దున పూట గంటకి 20 కిలోమీటర్ల వేగంతో ఊళ్ళోకి పోతుంటే వరసగా పచ్చదీపాలే పడేట్టు అమర్చారు. నా వేగానికి వరసగా ఎర్రవే పడ్డాయి. అయినా వెనకనుంచి ఒక్కరూ కసురుకోలేదు. గుంటూరు శంకర్ విలాస్ సెంటర్లో బతికి బట్టకట్టినదాన్ని, ఆ నిశ్శబ్దానికి మొదట నాకు చెవుడొచ్చిందేమో అనుకున్నా.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. నన్నెవరూ పట్టించుకోలేదు. మొదట హాయిగా ఉంది. తర్వాత అనుమానమొచ్చింది. ఆపైన బెంగ పట్టుకుంది. బల్లమీద ఒక్కదాన్నే కూర్చుని పులిహోర పొట్లం విప్పితే, ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, మీ ఆయన రాలేదా అని అడిగే దిక్కు లేదు. కాఫీ కొట్ల బయట బండ్లలో పసిబిడ్డల్ని నిద్రపుచ్చి తల్లులు లోపల కూర్చుంటారు. ఇలాగే 1997లో న్యూయార్కులో బిడ్డని బయట వదిలిన ఒక డేనిష్ తల్లిని పోలీసులు అరెస్టు చేశారు. వీళ్ళకిది మామూలు. దిష్టి తగులుతుందన్న భయం కూడా లేదు. నేనే ఒక బిడ్డకి దూరంనుంచి మెటికలు విరిచి వచ్చాను.

ఆ ఊళ్ళో ఒంటరి ఆడదంటే సముద్రం ఒడ్డున రాయిమీద కూర్చున్న మత్స్యకన్య బొమ్మే. 1913లో పెట్టారు. నాలుగడుగుల పిల్ల. దాని తలకాయ 1964లో ఎవరో కోసుకుపోయారు. 1984లో చెయ్యి, 1998లో మళ్ళీ తల. అంత నిమ్మళమైన ఊళ్ళోనూ ఆడది ఒక్కతే కూర్చుంటే ఓర్వలేనివాడు ఒకడుంటాడన్నమాట. తేడా ఏమిటంటే, అక్కడ ప్రతిసారీ తల మళ్ళీ అతికించి అదే రాయిమీద కూర్చోబెట్టారు. ఇంట్లో కూర్చోమనలేదు.

ఆ బాటలు ఆకాశంనుంచి ఊడిపడలేదు. వాళ్ళ వీధులూ ఒకప్పుడు కార్లతో కిక్కిరిసినవే. 1973లో చమురు కరువొచ్చి ఆదివారాలు కార్లు ఆపేశారు. తర్వాత జనం సైకిళ్ళతో మునిసిపాలిటీ ముందు చేరి, మాకు బాట వేస్తారా లేదా అని కూర్చున్నారు. బాట వచ్చింది. అక్కడ ఆడవాళ్ళు ఒంటరిగా తిరగడానికి ధైర్యసాహసాలేం అక్కర్లేదు. మనుషులు పట్టించుకోకపోయినా రోడ్డు పట్టించుకుంటుంది.

ఊరికొచ్చాక పక్కింటి పిల్ల సైకిలు అడిగి తీసుకున్నా. 'బడికొస్తా' పథకంలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సర్కారు ఇచ్చిన సైకిలది. పిల్ల చదువు అయిపోయింది, సైకిలు వాళ్ళ నాన్న పాలక్యాన్లకి అంకితమైంది. పొద్దున్నే పర్చూరు రోడ్డెక్కాను. "ఏంది పిన్నీ, బాబాయితో గొడవా?" అని ఒకడు. "ఎక్కండి, బండిమీద దింపుతా" అని ఇంకొకడు. నేను మొదటి తూము దాటకముందే మా ఆయన ఫోను మోగింది. ఏ సీసీ కెమెరా సాటిరాదు మన వాళ్ళకి. అందరూ అన్నీ అడిగారు. మిర్చి లారీ మాత్రం ఏమీ అడగలేదు. అది పోయిన ఊపుకి నేనూ సైకిలూ మార్జిన్‌లో సర్కారు కంప పక్కన తేలాం. మన దగ్గర మనుషులు పట్టించుకుంటారు. రోడ్డే పట్టించుకోదు.

అందుకే గ్రామసభలో లేచాను. రోడ్డు వారన మూడడుగుల సైకిలు బాట కావాలన్నా. "2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి బస్సు ఫ్రీ కదమ్మా?" అన్నాడొక పెద్దమనిషి. ఫ్రీయే. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు కొట్టిస్తారు, సంతోషం. కానీ బస్సు పొలం గట్టు దాకా రాదు. "మన ఆడోళ్ళు తొక్కుతారా?" అన్నాడు ఇంకొకాయన. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోటలో అక్షరాలతోపాటు వేలమంది ఆడవాళ్ళు సైకిలు కూడా నేర్చుకున్నారని చెబుతుండగా, వెనకనుంచి మిరపకోతల ముఠా మేస్త్రమ్మ లేచింది. చీరమీద మగాళ్ళ చొక్కా, తలకి తువ్వాలు. కోతకి పోతూ మధ్యలో ఆగినట్టుంది.

"ముందు బాట వెయ్యండయ్యా. తొక్కేది లేంది మేం చూసుకుంటాం. ఆటోలో ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చుని పోతన్నాం. ఆ డబ్బులూ మా కూల్లోంచే పోతన్నాయి" అంది.

ఆ మాటకి ఎవరి దగ్గరా జవాబు లేదు. తీర్మానం రాశారు. కాకపోతే, మూడడుగులు అడిగింది వామనుడు గనక బలిచక్రవర్తి అలా ఇచ్చేశాడు. నాకు రెండున్నర దగ్గర బేరం తెగింది.