చట్టానికి వీసా అక్కర్లేదు

గోదావరిఖని చౌరస్తాలో చాయ్ తాగుతూ ఒకడు ఫోన్‌లో పోస్టు పెడతాడు. యాప్ అమెరికాది, కోపం హైదరాబాద్ సర్కారు మీద, కేసు రామగుండం కమిషనరేట్‌లో. ఇంతకన్నా అంతర్జాతీయ సహకారం ఏముంటుంది?

ఊహించి రాస్తున్నది కాదు. కాంగ్రెస్ సర్కారుది కమిషన్ల పాలన అని ఎక్స్‌లో ఎద్దేవా చేసిన ఒక బీఆర్ఎస్ కార్యకర్త మీద 2025లో ఈ బొగ్గు గడ్డ మీదే కేసులు పడ్డాయి. ఎవరిని అన్నాడో వాళ్లు కిమ్మనలేదు, పక్కవాళ్ల మనోభావాలు మాత్రం గాయపడ్డాయి. సెప్టెంబర్ 10న తెలంగాణ హైకోర్టు మూడు ఎఫ్‌ఐఆర్‌లనూ కొట్టేసింది. ఫిర్యాదు చేసినవాడు అసలు బాధితుడేనా చూడండి, ముందు ప్రాథమిక విచారణ చేయండి, రాజకీయ వ్యాఖ్యయితే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని అడగండి అని పోలీసులకు పాఠం చెప్పింది. బాయిలో షాట్‌ఫైరర్ కూడా గ్యాస్ చూడకుండా మందు పేల్చడు. ఆ పాటి జాగ్రత్త ఖాకీలకు హైకోర్టు నేర్పాల్సి వచ్చింది.

రెండు వారాలు తిరిగాయో లేదో, సెప్టెంబర్ 24న కర్ణాటక హైకోర్టు ఎక్స్ కంపెనీ పిటిషన్‌ను కొట్టేసింది. కేంద్రం పెట్టిన సహయోగ్ పోర్టల్‌లో అధికారులు నోటీసు పెడితే చాలు పోస్టులు తీసేయాలా అన్నది కంపెనీ గోడు. వాక్ స్వేచ్ఛనిచ్చే 19వ అధికరణం ఈ దేశ పౌరులది, నీది కాదు పొమ్మంది కోర్టు. సరే, పరాయి కంపెనీకి లేకపోతే లేకపోయింది. కానీ ఊడిపోయేది ఎవరి మాట? పౌరుడిదే కదా! నోటీసు అందుకునే కంపెనీకి హక్కు లేదు. హక్కున్న పౌరుడికి నోటీసు రాదు. ఈ ఏర్పాటు చేసినవాడి బుర్రకు దండం పెట్టాలి.

తెల్లదొరల తగవు ఇంకో తీరు. 2023 నాటి ఆన్‌లైన్ భద్రత చట్టం కింద అడిగిన సమాచారం ఇవ్వలేదని బ్రిటన్ సంస్థ ఆఫ్‌కామ్, అమెరికా సైటు ఫోర్‌చాన్‌కు 2025 అక్టోబర్‌లో 20 వేల పౌండ్ల జరిమానా వేసింది. మా మొదటి రాజ్యాంగ సవరణ ముందు మీ చట్టం ఎంత అంటూ ఆ సైటు అప్పటికే వాషింగ్టన్ కోర్టుకెక్కింది. ఫోర్‌చాన్‌లో కనిపించే రోతను వెనకేసుకు రావడం నా వల్ల కాదు గానీ, కొట్లాడటానికి దానికో కోర్టుంది, లాయర్లకిచ్చే డాలర్లున్నాయి. అదే అమెరికా యాప్‌లో రాసిన మన ఖనివాడికి ఆ సవరణ ఎటూ వర్తించదు. సొంత రాజ్యాంగం వర్తిస్తుందని తేల్చుకోవాలంటే హైదరాబాద్ బస్సెక్కాలి.

అందుకే, పోస్టులు పెట్టే తమ్ముడూ, సెప్టెంబర్ 10 నాటి తీర్పు కాపీ ఫోన్‌లో దాచుకో. ఠాణాలో వాళ్లు చదవకపోయి ఉంటే నువ్వే చదివి వినిపించు.