చెమటకు తుప్పుపట్టిన మరలు

నా మరలకు పట్టిన తుప్పు వానది కాదు, ఒక మనిషి చెమటది. ఆయన నుదుటి మీంచి, చేతుల మీంచి కారిన ఉప్పునీరు ఇత్తడి సందుల్లోకి దిగి దిగి మరలు తిరగనని మొరాయించేదాకా వచ్చింది. మిగిలిన ఒకే ఒక్క ఐపీసుకీ బీట పడింది. అయినా నన్ను మార్చలేదాయన. ఆయన సర్జన్ మేజర్ రోనాల్డ్ రాస్, సికింద్రాబాదులో పందొమ్మిదో మద్రాసు పదాతి దళం డాక్టరు. నేను ఆయన మైక్రోస్కోపును. బేగంపేట పటాలం దవాఖానాలో మా కాపురం.

డాక్టరు కావడం దొర కోరిక కాదు, తండ్రి ఆజ్ఞ. 1857 మే 13న అల్మోరాలో పుట్టాడు. మీరట్‌లో సిపాయిలు తిరగబడి అప్పటికి మూడు రోజులు. తండ్రి సైన్యంలో జనరల్ దాకా ఎదిగినవాడు, పదిమంది పిల్లల సంసారి. పెద్దకొడుకు పద్యాలు రాస్తాను, బొమ్మలు గీస్తాను అంటే సాగే ఇల్లు కాదది. లండన్‌లో సెయింట్ బార్తలోమ్యూ ఆస్పత్రిలో చేర్చాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసు కొలువు దొరికింది. కొలువులో చేరాక కూడా దొర మనసు నవలల మీద, లెక్కల మీదే ఉండేది. 1889లో రోజా బెస్సీని పెళ్లాడాడు, పిల్లలు పుట్టారు. చలిజ్వరం పిచ్చి పట్టుకుంది ఆ తరవాతే.

మలేరియా రోగి నెత్తుట్లో ఒక పరాన్నజీవి ఉందని ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లోనే చూశాడు. మా దొర నమ్మలేదు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ కళ్లకు కట్టేలా చూపించాకే ఒప్పుకున్నాడు. ఆ జీవిని దోమ మోస్తుందేమో తేల్చు పొమ్మని సాగనంపింది కూడా మాన్సనే. 1895లో సికింద్రాబాదు చేరాం. ఇక చూడండి, రెండేళ్లపాటు నా కిందికి వచ్చినన్ని దోమలు మరే గాజుపలక కిందికీ వచ్చి ఉండవు! బూడిదరంగువి, చారలవి. వాటిచేత రోగుల్ని కుట్టించడం, కోయడం, వెతకడం. ఏమీ లేదు. తప్పు మా చూపుది కాదు, దోమది. ఆ జాతుల్లో మనిషి మలేరియా పెరగదు. ఆ ముక్క చెప్పేవాడే లేడు.

1897 ఆగస్టులో పురుగుల్ని పట్టే మనుషులు మరో రకం తెచ్చారు. గోధుమరంగు ఒళ్లు, రెక్కల మీద మచ్చలు. జ్వరంతో దవాఖానాకు వచ్చిన హుసేన్ ఖాన్‌ను దోమతెరలో పడుకోబెట్టి, ఆ తెరలోకే దోమల్ని వదిలారు. బయటివాళ్లు దోమలు రాకుండా తెర కట్టుకుంటే, ఇక్కడ పోకుండా కట్టారు. కుట్టిన దోమకు అణా చొప్పున పది దోమలకు పది అణాలు ముట్టాయి ఖాన్‌కు.

తరవాతి రోజులు చెప్పాలంటే ఉక్క గురించే చెప్పాలి. గదిలో పంకా ఉంది, లాగడానికి వీల్లేదు. లాగితే బల్లమీది దోమ ఎగిరిపోతుంది. ఇక కంటి ఈగలు. దొర చేతులు ఖాళీగా లేవని వాటికి తెలుసు, తాపీగా కళ్లలో, చెవుల్లో దూరేవి. ఆయన విసుక్కుంటూనే సూదితో దోమ పొట్ట బయటికి లాగి, ఉప్పునీటి చుక్కలో పరిచి, నా కింద పెట్టి, అంగుళం వదలకుండా జరుపుతూ చూసేవాడు. అంగుళం అన్నది మాటవరసకే, దోమ పొట్ట ఎంతని!

ఆగస్టు 20 మధ్యాహ్నం. ఒక దోమ పొట్ట గోడ దాదాపు చివరిదాకా చూసేశాం. అక్కడ గుండ్రంగా ఒక కణం అడ్డుపడింది. మిల్లీమీటరులో నూరో వంతుకు కాస్త ఎక్కువ. దోమ పొట్టలో సహజంగా ఉండే కణాల కంటే చిన్నది. మరను సన్నగా తిప్పాడు. మొరాయించింది, మళ్లీ తిప్పాడు. కణం లోపల నల్లటి రేణువులు కనిపించాయి. మలేరియా నెత్తుట్లో చూసి చూసి ఆయనకు కంఠస్థమైన రేణువులే! పక్కన అలాంటిదే మరోటి. అయినా కేకలు పెట్టలేదు. మర్నాడు మిగిలిన దోమను కోశాడు. దీన్లోనూ ఆ కణాలున్నాయి, నిన్నటి వాటికంటే పెద్దవి. దోమలో ఏదో బతుకుతోంది, పెరుగుతోంది.

దొరసాని దగ్గర లేదు. ఆమెకు రాసిన ఉత్తరంలో దేవుడికి దండం పెడుతూ పద్యం కట్టాడు. తండ్రి మాన్పించిన విద్య అలా బయటపడింది. నాకు కొంచెం అసూయ వేసింది. అసలు చూపించింది నేను, మొదటి మాట ఆవిడకు.

ఇంత జరిగాక సర్కారు వారేం చేశారనుకున్నారు? నెల తిరిగీ తిరక్కుండా రాజపుతానాలో ఖేర్వాడాకు బదిలీ చేశారు. పరీక్షించడానికి మలేరియా రోగులు దొరకని చోటు! 1898లో కలకత్తాకు పంపాక, మహమ్మద్ బక్స్ అనే సహాయకుడితో కలిసి పిట్టల మలేరియా మీద పడ్డాడు. జులైలో ఆ క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లో కనిపించడంతో కాటు దారి తేలిపోయింది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇటలీ వైద్యుడు గ్రాసీతో ఎవరు ముందన్న పోట్లాట ఆయన బతికున్నన్నాళ్లూ ఆగలేదు. ఆ గొడవ గురించి నేను మాట్లాడను, విసుగు. హైదరాబాదులో బేగంపేట భవనానికి ఆయన పేరుంది, నల్లకుంట కోరంటి దవాఖానాకూ ఉంది. హుసేన్ ఖాన్ పేరు కూడా ఎక్కడైనా రాసి ఉంటే బాగుండేది.

1914 ఆగస్టులో పెద్దకొడుకు ప్రపంచ యుద్ధంలో లె కాటో దగ్గర చనిపోయాడు. సైనికుడి కొడుకు డాక్టరయితే, డాక్టరు కొడుకు సైనికుడయ్యాడు. ఆ యుద్ధంలోనే దొర సైన్యానికి మలేరియా సలహాదారుగా పనిచేశాడు.

పెద్ద వయసులో ఇంటి ఖర్చు దిగులు పట్టుకుంది. మశూచి టీకా కనిపెట్టిన జెన్నర్‌కు పార్లమెంటు ముప్పై వేల పౌండ్లు ఇచ్చింది కదా, నాకేదీ అని సర్కారును అడిగి చూశాడు. ఏమీ రాలలేదు. 1928లో ఉత్తరాలతో సహా తన కాగితాలన్నీ అమ్మకానికి పెట్టి, తాను సంపాదకుడిగా ఉన్న పత్రికలోనే ప్రకటన వేశాడు. భార్యాబిడ్డల కోసమని దాచకుండా రాశాడు. లేడీ హ్యూస్టన్ రెండు వేల పౌండ్లకు కొంది. పెద్దమనిషి ఇలా కాగితాలు అమ్ముకోవడమేమిటని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఇంట్లో వాళ్లకు దక్కాల్సిన పొద్దులన్నీ నా మీద వంగి గడిపి రాసుకున్న కాగితాలవి, వాటి సొమ్ము ఇంటికే చేరింది. ధర మాత్రం తక్కువ పలికింది.