ఖాళీ ఇంటి పద్యానికి టీకా తాత్పర్యం

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మా ఉమ్మడి మెదక్ జిల్లా కోల్చారమే. ఆయన జహీరాబాద్‌లో ఇల్లు కిరాయికి ఇచ్చినవాడు కాడు గనక ఈ పద్యం మా పాలబడింది.

వచ్చినపుడు గోడ పాలలా మెరిసెను
పోవునపుడు మేకు బొక్కలాయె
అప్పుడున్నయట్లె యప్పగింపుము కొంప
అంతదాక పైకమడుగబోకు

ప్రతిపదార్థం: వచ్చినపుడు = కిరాయిదారు డీసీఎం నిండా సామానుతో ముంబై హైవే మీద దిగిన దినమున; గోడ పాలలా మెరిసెను = ఒక్క కోటింగు బలిమిచేత; పోవునపుడు = ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ముగిసి బీదర్ దారి పట్టినపుడు; మేకు బొక్కలు = క్యాలెండరు, దేవుడి పటము, టీవీ మున్నగువాని ఆనవాళ్లు; ఆయె = తమంతట తామే అయినవి (ఇది కిరాయిదారు పాఠం. 'చేసెను' అని ఓనరు పాఠాంతరం); కొంప = హాలు, బెడ్‌రూము, వానొస్తే కారే వంటిల్లు; పైకము = అడ్వాన్సు.

రెండు, మూడు పాదాల నడుమ సంధి లేదేమని లాక్షణికులు అడుగుతారు. ఇరుపక్షాలూ సంధికి రాలేదు గనక.

తాత్పర్యం: అడ్వాన్సు ఇయ్యను.

విశేషాలు: కీలకమంతా మూడో పాదంలో ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ కూడా ఇల్లు తీసుకున్న స్థితిలోనే అప్పగించమంటుంది. కానీ సహజమైన అరుగుదలను, ఆపశక్యం కాని ఉపద్రవాన్ని మినహాయించింది. ఆ మినహాయింపును కవి ఎగరగొట్టాడు. ఛందస్సు కోసమని నేననుకోను. నాలుగేళ్ల కాపురంలో సున్నం వెలిసిపోతే అరుగుదల. వాష్‌బేసిన్ రెండు ముక్కలైతే కాదు. నల్లా దగ్గర పండితులకు అభిప్రాయభేదం. కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా అద్దె చట్టం సున్నం, తలుపుల రంగు, పైపులు, వైరింగు ఓనరుకూ, నల్లాలు, స్విచ్చులు, కిటికీ అద్దాలు కిరాయిదారుకూ పంచింది. అగ్రిమెంటులో వేరుగా రాసుకుంటే అదే లెక్క. రాష్ట్రం తన చట్టం చేసుకోనిదే నమూనాకు బలం లేదు గానీ, పంచాయితీ చెప్పే పెద్దమనుషులకు పనికొస్తుంది.

అదే 108లో మరో ముక్క ఉంది. ఓనరు చేయించాల్సిన రిపేరును నోటీసిచ్చినా చేయించకుంటే, కిరాయిదారే చేయించి ఖర్చును వడ్డీతో సహా కిరాయిలో పట్టుకోవచ్చు. ఓనర్ల సంప్రదాయంలో ఈ భాగం ప్రక్షిప్తం.

పూర్వపక్షం: పోయినవాడి మీద ఓనరు కోర్టుకెక్కితేనో? సమాధానం: 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం ముఖ్యంగా కిరాయి ఎంత, ఖాళీ ఎప్పుడు అన్న తగువులకు. ఖాళీ అయ్యాక మిగిలింది పైసల తగువు గనక సివిల్ దావా, సాధారణంగా మూడేళ్ల లోపల. నష్టం జరిగిందన్నవాడే రుజువు చూపాలి. గోడ పాలలా మెరిసిందనడానికి సాక్ష్యమేదని జడ్జిగారు అడిగినప్పుడు ఓనరు చేతిలో ఉండేది పదకొండు నెలల అగ్రిమెంటు. ఏడాది దాటే లీజునే రిజిస్ట్రేషన్ చేయించాలన్న నమ్మకం కొద్దీ పదకొండు. అందులో కిరాయి ఉంటుంది, తారీఖు ఉంటుంది, గోడ ఉండదు.

వ్యాఖ్యాత తీర్పు: సున్నం ఓనరుదే. బేసిన్ ఖర్చు పట్టుకొని మిగతా అడ్వాన్సు ఇచ్చెయ్యాలి. ఇల్లు మారబోయే చదువరులు మాత్రం తాళంచెవి చేతికి వచ్చిన రోజే గదిగదికీ ఫోటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి.